ట్యూబులైటుకు దండం

నవ్వించడం గొప్ప కళ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చేశాను ఆ పని. తొంభైల చివర్లో, మా కొత్తగూడ పక్కన హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం మూడు వందల మందిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాను. వచ్చిన డబ్బుతో ఇంటికి సోలార్ లైటు కొన్నాను. వింటే రెండూ గొప్పగా చెప్పుకోవలసిన సంగతుల్లాగే ఉంటాయి. ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు నేను ఆ కొత్త భవనాల్లో ఒకదానిలో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసేవాణ్ణి. మా నాయిన అంతకు ముందు మూడేళ్ళు అవే భవనాల పునాదుల కోసం బండలు పగలగొట్టడానికి కూలికి పోయాడు. నేను ఏసీ గదిలో కుర్చీ ఎక్కేసరికి ఆయనకు ఆయాసం పట్టుకుంది. దమ్ము అంటారు మా వైపు. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి కూడదీసుకోవాలి.

మా ఊళ్ళో రోజూ సరిగ్గా చీకటి పడే వేళకి కరెంటు పోయేది. అన్నాలు తినే వేళకి ఎప్పుడో వచ్చేది. మా ఇంటి పైకెక్కి చూస్తే నేను పనిచేసే భవనం కనిపించేది, అన్ని అంతస్తుల్లోనూ లైట్లు వెలుగుతూ. దానికి వేరే లైను, అది చాలదన్నట్టు జనరేటర్లు. కింద మా ఇంట్లో అమ్మ కందిలి ముట్టించేది. ఆ కిరోసిన్ పొగకి నాయినకు దగ్గు అందుకునేది, కరెంటు వచ్చేదాకా ఆగేది కాదు. ఇంట్లో పొగ ఉన్నన్నాళ్ళు మందులు రాయడం దండగ అని దవాఖానలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. చార్జింగ్ లైటు ఒకటి కొన్నాను. దాన్ని చార్జింగ్ పెట్టడానికి కరెంటు ఉండాలి కదా. రెండు నెలల్లో అది చచ్చి ఊరుకుంది.

అలాంటప్పుడు మా ఆఫీసు కింద ఒక సోలార్ కంపెనీవాళ్ళు బల్ల వేసుకుని కూర్చున్నారు. ఇంటి మీద పెట్టే పలక ఒకటి, బ్యాటరీ ఒకటి, రెండు చిన్న ట్యూబులైట్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మేవాణ్ణి వాడి స్కూటరు మీదే మా ఇంటికి తీసుకొచ్చాను. ధర నా మూడు నెలల జీతం. సర్కారు ఇచ్చే తగ్గింపు ఉందిగానీ దానికి ఇంటి కాగితాలు కావాలి. మాది తాతల నాడు ఊరి భూమిలో కట్టుకున్న ఇల్లు, దానికి పట్టా ఎక్కడిది?

అమ్మేవాడు నాయిన మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. "పెద్దాయనా, సూర్యుడు బిల్లు పంపడండి. ఒక్కసారి పెట్టుబడి పెట్టారంటే ఎండ జీవితాంతం ఫ్రీ అండి."

నాయిన వాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎండ నాకు ఎప్పుడు ఫ్రీయే బిడ్డా. బండలు కొట్టంగ మస్తు తాగిన. గప్పుడే దుకాణం పెడితే ఇయ్యాల నేనే షావుకారు అయితుంటి. సూర్యుడు బిల్లు పంపడు, నిజమే గని, మరి నిన్నెందుకు పంపిండు?"

వాడు పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. నాయిన మాత్రం నవ్వేవాడు కాదు, మీసం కొద్దిగా కదిలేది అంతే. మా ఇంట్లో అసలైన హాస్యగాడు ఆయన. అవతలివాడు ఎంత పెద్దవాడైతే అంత మెత్తగా అంటించేవాడు.

సోలార్ మీద నా అభిప్రాయం ఆ రోజు నుంచి మారలేదు. కరెంటు పుష్కలంగా ఉన్నవాడికే అది కొనే స్తోమత ఉంటుంది. కరెంటు లేనివాడికి ఎండ ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు పుప్పాలగూడ విల్లాల మీద ఆ నీలం పలకలు చూపించి ప్రకృతి, భూమాత అని ఎవరైనా మొదలుపెడితే నేను పక్కకు తప్పుకుంటాను. నాకు భూమిని కాపాడాలని లేదు అప్పుడు. మా నాయిన దగ్గు ఆగితే చాలు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. సందెవేళ దీపం పెడితే దండం పెట్టుకోవడం మా ఇళ్ళలో అందరూ చేసేదే. నాయిన కరెంటు లైటుకు కూడా పెట్టేవాడు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఎక్కడున్నా లైటు వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించేవాడు. నోట్లో ముద్ద ఉన్నా సరే. చిన్నప్పుడు నేను ఎందుకని అడిగితే, "వెలుగు ఇంట్లకొచ్చింది, ఉట్టిగ ఎట్ల కూసుంట?" అన్నాడు.

ఇక ఆ నాటి కామెడీ సంగతి. అప్పటి సినిమాల్లో మా యాస ఎవరి నోట వినిపించేదో గుర్తు తెచ్చుకోండి. వాచ్‌మన్, పనిమనిషి, రౌడీ వెనకాల తిరిగేవాడు. వాడు 'ఏంది' అనగానే హాలు గొల్లుమనేది, ఇంకేమీ అనక్కరలేదు. నేనూ టిక్కెట్టు కొనుక్కుని మరీ నవ్వాను. ఆఫీసులో మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను ఇంట్లో మాట్లాడే మాటలే కాస్త సాగదీసి అంటే చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. నేనంటే ఇష్టం కాబోలు అనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

మా ఆఫీసు వార్షికోత్సవానికి ప్రతి ఏడూ బయటి నుంచి మిమిక్రీ వాళ్ళను పిలిచేవాళ్ళు. ఆ ఏడు మేనేజరు నన్ను పిలిచాడు. కోస్తా వైపు మనిషి, చెడ్డవాడేం కాదు. "ఈసారి మీరు చెయ్యండి. వాళ్ళకిచ్చేది మీకే ఇప్పిస్తాను. సినిమావాళ్ళ గొంతులు వద్దండీ, విని విని విసుగొచ్చింది. మీ ఊరివాళ్ళ మాటలు పట్టండి, జనం నవ్వలేక చస్తారు," అన్నాడు. నేను దాచుకున్నదానికి అది కలిస్తే సోలార్ లైటు వచ్చేస్తుంది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

కుటుంబాలతో రమ్మన్నారు. నేను ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడే నాకు తెలుసు.

స్టేజీ మీద భుజాన తువ్వాలు వేసుకుని నేను మా నాయిననయ్యాను. సోలార్ అమ్మేవాడూ నేనే, ముసలాయనా నేనే. నాయిన అన్న మాటే అన్నాను, కానీ దాన్ని తిప్పేశాను. ఇంట్లో ఆ మాట అమ్మేవాడికి తగిలింది. స్టేజీ మీద ముసలాయనకేమీ తెలియదు. "ఎండకు పైసలేంది? సూర్యుడు మా ఊరోడే గద!" అంటూ తెల్లమొహం వేస్తాడు, అమ్మేవాడు తల పట్టుకుంటాడు. మధ్యమధ్యలో దగ్గు. అవును, దగ్గు కూడా చేశాను. దానికి బాగా నవ్వారు. చివర్లో కరెంటు వస్తుంది, ముసలాయన ఉలిక్కిపడి లేచి, ట్యూబులైటుకు వంగి వంగి దండం పెడతాడు. హాలంతా ఈలలు. మళ్ళీ చెయ్యమని అరిచారు. మళ్ళీ చేశాను.

వంగి లేస్తుంటే కనిపించాడు. తలుపు పక్కన, చివరి వరుసలో, పెళ్ళిళ్ళకు మాత్రమే తొడిగే తెల్ల చొక్కాలో మా నాయిన. మా ఆఫీసులో ఊడ్చే మా పక్కింటామె పొద్దున చెప్పిందట, నీ కొడుకు ఇయ్యాల మైకుల మాట్లాడుతడని. కొత్తగూడ నుంచి ఆగి ఆగి నడిచొచ్చాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు. చుట్టూ అందరూ నవ్వుతుంటే మనిషి ఏం చేస్తాడు?

నేను దిగి ఆయన దగ్గరకు పోయాను. నా వెనకే మేనేజరు. "మీ నాన్నగారా! ముందే చెప్పలేదేమండీ? ఒరిజినల్ ఇక్కడే ఉన్నారన్నమాట!" పది మంది మూగారు. మేనేజరు పైనున్న ట్యూబులైటు చూపించి, "పెద్దాయనా, ఏదీ, మా కోసం ఒక్కసారి," అన్నాడు.

వద్దండీ. అంతే, ఆ ఒక్క మాట నేను అనాల్సింది. అనలేదు. డబ్బులున్న కవరు ఇంకా మేనేజరు చేతిలోనే ఉంది. నాయిన ఒకసారి నా మొహంలోకి చూశాడు. మెల్లగా లేచి, లైటు వైపు తిరిగి, చేతులు జోడించాడు. కళ్ళు మూసుకోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి ఆటోలో వచ్చాం. దారిలో ఒక్కటే అన్నాడు. "దగ్గు గూడ మంచిగనే చేసినవ్."

ఇప్పటి కామెడీ వేరు, ధైర్యం ఎక్కువ అంటారు. మొన్నామధ్య తెలిసినవాళ్ళు బలవంతాన ఒక కామెడీ షోకు తీసుకుపోయారు. ఒకతను మైకు పట్టుకుని గంటసేపు వాళ్ళ నాన్న పిసినారితనం మీద, ఇంగ్లీషు మీద జోకులు వేశాడు. బాగానే నవ్వించాడు, కాదనను. నాకు మాత్రం చివరి వరుస వైపే చూపు పోయింది. ఇంట్లోవాణ్ణి తీసుకొచ్చి బయటివాళ్ళ ముందు నిలబెట్టడానికి ధైర్యం అక్కర్లేదు. అవతలివాడు పెద్ద కుర్చీలో ఉన్నప్పుడు మా నాయిన మంచం మీంచి అంటించేవాడే, దానికి కావాలి ధైర్యం. అది నాకు లేదు, అతనికీ ఉన్నట్టు కనిపించలేదు.

పది రోజులకు సోలార్ వచ్చింది. పలక పైన బిగించారు, బ్యాటరీ మూలన పెట్టారు, ఒక లైటు నాయిన మంచానికి ఎదురుగా. ఆ సాయంత్రం ఎప్పటిలాగే కరెంటు పోయింది. నేను స్విచ్చి వేశాను. గదంతా తెల్లటి వెలుతురు, ఎక్కడా పొగ లేదు. అమ్మ వంటగదిలోంచి గబగబా వచ్చి దండం పెట్టుకుంది. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

నేను ఊరుకోలేకపోయాను. "దండం పెట్టవా నాయినా?"

"ఆడ పెట్టిన గద బిడ్డా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

డాక్టరు చెప్పింది నిజమే. పొగ పోయాక దగ్గు చాలా తగ్గింది. ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. రోజూ చీకటి పడగానే లైటు నేనే వేసేవాణ్ణి. నా చెయ్యి స్విచ్చి మీదికి పోవడం చూడగానే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.