నేను తాలు కింద తీసేసిన ఎస్‌ఎస్‌డి

మా ఆవిడ ఆరేళ్ల కష్టాన్ని నేను రెండు వేళ్లతో తీసి ఊకలో పారేశాను. కోపంతో కాదు, తెలివితో. ఆ తెలివి ఎక్కడిదో ముందే చెప్పాలి, లేకపోతే మీరు నన్ను మామూలు మూర్ఖుడి కింద జమకడతారు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ధాన్యం నాణ్యత చూడటం నా ఉద్యోగం. లారీ రాగానే బస్తాలోంచి గుప్పెడు తీస్తాను, అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాను, ఒకసారి ఊదుతాను. ఎగిరిపోయేది తాలు, నిలిచేది గింజ. ఒక గింజను పంటి కింద వేసి కొరికితే తేమ సంగతి తెలిసిపోతుంది. ఈ పరీక్ష నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. అందుకని లోకంలో ఉన్న సమస్త వస్తువులకూ అదే పెట్టేవాణ్ణి. పుచ్చకాయలకు, చెప్పులకు, ఆఖరికి మా చెల్లెలికి వచ్చిన సంబంధాలకు కూడా. కొరకడం ఒక్కటి మినహాయించాను లెండి.

మా ఆవిడ స్వరూప సైన్సు టీచరు. తన పాఠాలకు తనే బొమ్మలు గీసి, గొంతు కలిపి, ఆరేళ్లుగా ల్యాప్‌టాప్‌లో దాచుకుంది. సోమవారం సూర్యాపేటలో ఒక పెద్ద బడిలో డెమో క్లాసు చెప్పాలి, అది నచ్చితే ఉద్యోగం. సరిగ్గా శుక్రవారం నాడు ఆ ల్యాప్‌టాప్ ఇక చోటు లేదని మొరాయించింది.

"లోపలున్న ఎస్‌ఎస్‌డి నిండింది. పెద్దది వేయించాలె," అంది స్వరూప. "రేపు కోదాడ పోతున్నరు గదా, ల్యాప్‌టాప్ తీసుకపోయి చూపియ్యండ్రి."

"లారీలకు లారీలే చేత్తోటి చూసి చెప్పెటోణ్ణి. గింత దానికి ల్యాప్‌టాప్ మోసుకపోవుడెందుకు?"

"అది ధాన్యం కాదు."

"సరుకు ఏదైనా సరుకే."

ల్యాప్‌టాప్ తన దగ్గరున్నవన్నీ దాచుకునే భాగాన్ని ఎస్‌ఎస్‌డి అంటారని మాత్రం నాకు తెలుసు. అంతవరకు తెలియడమే కొంప ముంచింది.

కోదాడలో నాగమణక్కకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆవిడ నా ముందు రెండు పెట్టింది. ఒకటి అరచేయంత, ఇనుప తొడుగుతో బరువుగా ఉంది. రెండోది వేలంత పొడవున్న పల్చటి పుల్ల.

"ఏ ల్యాప్‌టాప్ తమ్ముడూ?"

"నల్లది అక్కా."

"రంగు కాదయ్యా, మోడల్."

"సన్నగ ఉంటది."

"సన్నదైతే ఈ పుల్లే పట్టుద్దనుకుంటా. వెంట తెచ్చుకుంటే చూసి చెప్పేదాన్ని కదా."

నేను పుల్లను అరచేతిలో వేసి ఎగరేశాను. ఉందా లేదా అన్నట్టుంది. బల్ల మీద పెట్టి ఊదాను. పక్కకు జరిగింది.

"ఊదుతున్నావేంటి తమ్ముడూ?"

"చూస్తున్న అక్కా. ఇండ్ల ఏం లేదు."

"మీ వాడకట్టులో అందరి పెళ్లి ఫొటోలూ పడతాయి అందులో."

"మరి లోపల ఏం తిరుగుతది?"

"ఏమీ తిరగదు."

"తిరగకుండ ఎట్ల పనిచేస్తది?"

"అదే దాని గొప్ప."

నాకు జాలేసింది. పాపం, పెద్దమనిషి, ఎవరో తాలు అంటగట్టారు. ఇనుప తొడుగుదాన్ని తీసుకున్నాను. ఒక మూల కొరికి చూద్దామని నోటి దాకా తీసుకెళ్లి, అక్క చూపు చూసి ఆగాను. "పట్టకపోతే తీసుకురా, మార్చిస్తా," అందావిడ. నేను నవ్వాను.

ఆదివారం పొద్దున స్వరూపకు చెప్పకుండా ల్యాప్‌టాప్‌ను మిల్లుకు పట్టుకెళ్లాను. అక్కడ స్క్రూడ్రైవర్లు ఉంటాయి. శాంపిళ్లు చూసే బల్ల మీద అడుగు రేకు విప్పి చూద్దును కదా, లోపల అచ్చం అలాంటి పుల్లే. తాలు మా ఇంటిదాకా వచ్చేసిందన్నమాట. ఒక్క స్క్రూ తీసి రెండు వేళ్లతో లాగాను. తాలు చేతికి వస్తే ఎడమ పక్కకు విసరడం నా అలవాటు. ఆ పక్కన మోకాలెత్తు ఊకకుప్ప ఉంది.

తర్వాత కొత్తదాన్ని పెట్టబోతే ఎక్కడా చోటు లేదు. నిలువుగా చూశాను, అడ్డంగా చూశాను, పెళ్లి బస్సులో పెద్దాయనను సర్దినట్టు నాలుగు పక్కలా సర్ది చూశాను. చివరికి ఫోన్ చేశాను.

"స్వరూపా, ల్యాప్‌టాప్‌ల కొత్తదానికి జాగనే లేదు."

"మీరెందుకు విప్పిన్రు? పాతది తీసిన్రా?"

"పాతదేంది? ఓ పుల్ల ఉంటే తీసేసిన."



"ఆ పుల్ల ఏడ వెట్టిన్రు?"

"ఊకల."

"నా పాఠాలన్నీ అండ్లనే ఉన్నయి. ఏం ముట్టకుండ్రి. నేనొస్తున్న."

తను అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు కాబట్టి నాకు భయమేసింది. ముట్టొద్దన్న మాట మరిచిపోయి మోచేతుల దాకా ఊకలో దించి కెలికాను. పైపైన ఉన్న పుల్ల కాస్తా అడుక్కు పోయింది.

స్వరూప వచ్చింది. నా జుట్టులోని ఊకను చూసి, జరిగింది అర్థం చేసుకుని, కొంగు నడుముకు చుట్టి, గోడకున్న చాట తీసింది. త్రిపురారంలో వాళ్లది వరి పండించే కుటుంబం, చాట పట్టడం తనకు చిన్నప్పటి విద్య. చాట తర్వాత చాట చెరిగింది. ఊకంతా వచ్చి నా ముఖాన పడింది. పక్కకు జరిగే ధైర్యం చేయలేదు. ఎన్నో చాటకో ఊక ఎగిరిపోయింది, పుల్ల చాటలో నిలిచింది.

"ఎగిరేది తాలు, నిలిచేది గింజ అంటరు గదా," అంది చాట నా ముందు పెట్టి. "ఇదేంది మరి?"

"గింజనే," అన్నాను.

అక్కడినుంచి పుల్లా ల్యాప్‌టాపూ పట్టుకుని ఇద్దరం కోదాడకు పరుగు. నాగమణక్క ఆదివారమైనా కొట్టు తెరిచింది, కుంచెతో పుల్లను శుభ్రం చేసింది, చిన్న పెట్టెలో బిగించి తన కంప్యూటర్‌కు తగిలించింది. మేం ముగ్గురం తెర మీదికి వంగాం.

"పిల్లలూ, కాంతి ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం." ఆరేళ్ల కిందటి స్వరూప గొంతు.

ఊదితే జరిగిపోయే ముక్కలో, ఏమీ తిరగని ముక్కలో, ఒక మనిషి ఆరేళ్లు అలాగే ఉన్నాయి. ఒక్క పాఠం పోలేదు, ఒక్క బొమ్మ చెరగలేదు. స్వరూప కళ్లు తుడుచుకుంది. నేను నాగమణక్కకు కనపడకుండా ఆ పుల్లకు దండం పెట్టాను. ఆవిడ చూసింది. అన్నీ అంతే పొడవున్న కొత్త పుల్లలోకి మార్చి, ల్యాప్‌టాప్‌లో బిగించి మీట నొక్కితే, నేను రెప్ప వేసి తీసేలోపు తెర వెలిగింది. మళ్లీ దండం పెట్టాను, ఈసారి బాహాటంగానే.

సోమవారం సూర్యాపేటకు నేనూ వెంట వెళ్లాను. డెమో క్లాసు బ్రహ్మాండంగా జరిగింది. చివర్లో హెడ్‌మాస్టరు గారు నా వైపు చూసి, "మీ సార్ ఏం చేస్తరమ్మా?" అని అడిగారు.

"రైస్‌మిల్లుల తాలు ఏదో, గింజ ఏదో చూసి చెప్తరు సార్."

"మంచిగ చెప్తరా?"

స్వరూప ఒక్క క్షణం ఆలోచించింది. "వడ్లయితే మంచిగనే చెప్తరు సార్."

ఉద్యోగం వచ్చింది. కాబట్టి ఆ ఊకకుప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట వడ్లను తప్ప భూమ్మీద దేన్నీ ఎగరేయను, ఊదను, కొరకబోను. పుచ్చకాయలకు మాత్రం స్వరూప దగ్గర అనుమతి తీసుకున్నాను.