దండెం మీద రెండు జతలు

మొన్న మా మనవరాలు బడి పిల్లలతో మూడు రోజుల గుడారాల క్యాంపుకు పోతానని మంచం నిండా బట్టలు పరిచింది. మడత విప్పని కొత్త బట్టల గంజి వాసన గుప్పుమంది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వాసనకు మా బాపు గుర్తు రావాలి. ఎస్తేరు టీచర్ గుర్తొచ్చింది. "అమ్మమ్మా, మూడు రోజులకు తొమ్మిది జతలు చాలుతాయా?" అని అది అడుగుతుంటే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. అరవై ఏళ్ల కిందటి సిగ్గు, ఇంకా చావలేదు మరి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక సాలెల వాడ. ఎస్తేరు టీచర్ ఆడపిల్లల బడిలో మాకు లెక్కలు చెప్పేది. ఆదివారం తప్పకుండా మిషన్ చర్చికి పోయే మనిషి. తెల్ల చీర, నూనె పెట్టి బిగించిన ముడి. లెక్క తప్పితే ఏమీ అనేది కాదు గానీ, పక్కదాని పలకలో చూసి రాసి నేనే చేశానంటే చెవి మెలిపెట్టేది. "తప్పు చేస్తే దిద్దుకోవచ్చు బిడ్డా, అబద్ధమాడితే దేన్ని దిద్దుతవు?" అనేది. ఆమె నోట అబద్ధం వస్తుందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

నేను ఏడో తరగతిలో ఉండగా మంథని దగ్గర గోదావరి ఒడ్డున నాలుగు రోజుల క్యాంపు అన్నారు. అప్పటికి నేను ఊరు దాటి ఎరగను. ఆ సంబరంలో ఉండగానే టీచర్ పిడుగు వేసింది. "ఒంటి మీద ఒక జత, సంచిల ఒక జత. మూడోది కనవడ్డదో, ఆ పిల్లను బస్సు ఎక్కనియ్య."

పటేల్ గారి బిడ్డ సుగుణ లేచి నిలబడింది. "నాలుగు దినాలకు రెండు జతలేంది టీచర్? తడిస్తేనో?"

"పిండుకో, ఆరేసుకో. గోదాట్ల నీళ్లకు కరువా?"

నాకున్నవే రెండు జతలు. సంతోషించాల్సింది పోయి నాకు గుబులు పుట్టింది. సుగుణ ఊరుకుంటుందా, దొంగచాటుగా మూడోది తెస్తుంది. దాన్ని చూసి అందరూ తెస్తారు. అక్కడ రెండింటితో మిగిలేది నేనొక్కదాన్నే! అట్లా నా బుర్ర వంకరగా పనిచేసి, పక్కింటి సత్తెమ్మ బతుకమ్మ పండక్కి కుట్టించుకున్న నెమలికంఠం రంగు లంగా, జాకెట్టు బతిమాలి తెచ్చుకుని, అవ్వకు, అంటే మా అమ్మకు కూడా చెప్పకుండా సంచి అడుగున దాచాను.

బస్సు దగ్గర టీచర్ ఒక్కొక్క సంచీ విప్పి చూసింది. సుగుణ సంచిలో సరిగ్గా ఒకటే జత! అందరి సంచుల్లోనూ అంతే. నా సంచిలోంచి మాత్రం నెమలికంఠం రంగు తళతళమంటూ బయటికొచ్చింది. టీచర్ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో లంగా పట్టుకుని నా మొహంలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎవలిది?"

"నాదే టీచర్."

"గిదేం న్యాయం టీచర్?" అని సుగుణ ఎగిరింది. "మాకు రెండే అంటిరి. గీమెకు మూడా? బస్సు ఎక్కనియ్యనంటిరి గద!"

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఇక నా క్యాంపు గోదాట్లో కలిసిందనుకున్నాను. టీచర్ ఆ లంగాను మడత పెట్టింది. "నేనే తెమ్మన్న. ఎవలన్న నీళ్లల్ల పడితే కట్టుకునేటందుకు అందరికీ కలిపి ఒక జత ఉండాలె గద. నా పెట్టెల ఉంటది."

ఎస్తేరు టీచర్ అబద్ధమాడింది! ఇరవై మంది ముందు, రెప్ప వేయకుండా! ఎవరు చెయ్యి పట్టి బస్సు ఎక్కించారో కూడా గుర్తులేదు. మూడో నాడు సుగుణే ఒడ్డున జారి నీళ్లల్లో పడింది. దాని రెండో జత ఇంకా ఆరలేదు. సాయంత్రమంతా ఆ లంగా కట్టుకుని అది తిరుగుతుంటే, సిగ్గులేకుండా నేను పళ్లు నూరుకున్నాను.

బస్సు దిగేటప్పుడు టీచర్ ఆ జతను నా సంచిలో పెట్టేసింది. ఇంటికి రాగానే సంచి దులుపుతూ అవ్వ అడిగింది. "గీ లంగ ఎవలదే?"

చెప్పాను. అవ్వ అక్కడే కూలబడింది. "అయ్యో నీ బుద్ధి పాడుగాను! పోయిన నెలల మీ పంతులమ్మ మనింటికొచ్చింది. దూపయితుంది, జరన్ని నీళ్లియ్యుమన్నది. తాగుకుంట దండెం దిక్కు చూసింది. 'పిల్లకు గా రెండు జతలేనా చెల్లె?' అన్నది. అవునన్న. 'అయితే అందరికీ రెండే' అన్నది. నీకు చెప్పద్దన్నది."

మా ఇంట్లో పెట్టెల్లేవు. ఇంటిల్లిపాది బట్టలూ ఒకే దండెం మీద వేలాడేవి. ఊరికి బట్ట నేసే ఇంట్లో ఎవరికి ఎన్ని ఉన్నాయో గడపలో నిలబడితే తెలిసిపోయేది. అంతమంది పిల్లల సంచులను ఆమె మా దండెంతో కొలిచింది! నా లేమి ఎవరి కంటా పడకూడదని ఆమె కట్టిన తెరను, నేనే నడిబజారులో చింపేశాను.

మర్నాడు బడిలో ఎవరూ లేనప్పుడు పోయి నిలబడ్డాను. "టీచర్, ఆ లంగ నాది కాదు."

"నాకెర్కే."

"మీరు నా కోసం అబద్ధమాడిండ్రు."

"ఆడిన. దేవుని ముంగట ఒప్పుకున్న గూడ. నువ్వు మాత్రం ఎవలకు చెప్పకు. చెప్తే గా రెండు జతల ముచ్చట బయటవడ్తది." నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "ఏడ్వకు. చెవి ఇటు తే" అని, నా అబద్ధానికి నాకు రావలసింది నాకు ఇచ్చింది.

తరువాత నేనూ టీచర్నయ్యాను. పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలన్నా ముందు వాళ్ల ఇళ్లకు పోయి దాహమని అడిగేదాన్ని. ఎన్ని ఇళ్ల నీళ్లు తాగానో! ఎస్తేరు టీచర్ ఇప్పుడు లేదు. ఆమె చెప్పొద్దన్న మాటను మొన్న మొదటిసారి దాటి, ఇదంతా మనవరాలికి చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది. ఆఖరికి, "కానీ అమ్మమ్మా, మా క్లాసులో అట్లా తక్కువున్న వాళ్లు ఎవరూ లేరు" అన్నది.

"సుగుణ గూడ గట్లనే అనుకున్నది బిడ్డా" అన్నాను.