ఒక్క అగ్గిపుల్లతో చలికాలం

భూగోళానికి దక్షిణపు కొసనున్న హ్యూన్ లోయలో నెవిల్ ట్రిఫిట్ గురించి ఎవరినడిగినా రెండు సంగతులు చెప్తారు. పుట్టి బుద్ధెరిగాక కట్టెలు కొన్నవాడు కాదు. ఏడాదికి ఒక్క అగ్గిపుల్లకు మించి గీసినవాడూ కాదు. అక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్ నెలాఖరున, యుద్ధవీరుల్ని తలుచుకునే యాంజాక్ దినం నాడు ఇల్లు కాచే ఇనప పొయ్యి వెలిగించాడంటే, అక్టోబరులో ఆపిల్ తోటలు పూతకొచ్చేదాకా ఆ నిప్పు ఆరదు. క్లబ్బులో ముసలివాళ్ళందరికీ ఇదొక పందెం.

"ఏమోయ్ నెవిల్, నీ అగ్గిపుల్ల బతికే ఉందా?" అని ఎవరైనా అంటే, "నీకంటే గట్టిగానే ఉంది" అనేవాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కలప కోతమిల్లులోనే చేశాడు. ఏ రైతు పొలంలో చెట్టు కూలినా కబురు ముందు ఇతనికే అందేది. మోటారు రంపంతో మొద్దులు కోసి, ట్రక్కులో ఇంటికి తోలి, గొడ్డలితో పేళ్ళుగా చీల్చి, రెండు వేసవులు షెడ్డులో ఎండబెట్టిగానీ పొయ్యిలో పెట్టేవాడు కాదు. డబ్బులు పోసి కట్టెలు కొనేవాళ్ళని చూస్తే అతనికి జాలి.

నిజానికి పందెం ఒక సాకు. భార్య ఐరిస్ పోయాక, పొద్దున్నే పొయ్యి తలుపు తీసి, బూడిద కింద నిప్పులు కణకణలాడుతూ కనబడితే, తనకన్నా ముందే ఇంట్లో ఎవరో లేచినట్టుండేది. ఆ సుఖం కోసం పడుకోబోయే ముందు పొయ్యి నిండా మొద్దులు కూరి, గాలి వెళ్ళే పిడిని పూర్తిగా మూసేసేవాడు. మంట అణిగి, కట్టె తెల్లవార్లూ కుములుతుంది. లోయలో సగం ఇళ్ళల్లో ఇదే పద్ధతి. ఎండుకట్టె అయితే కాస్త పొగతో పోతుంది. పచ్చిదైతే ఊరి మీద దుప్పటి కప్పినట్టే. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

ఆ ఏడు నెవిల్‌కి ఎండుకట్టె కరువొచ్చింది. రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఏడాదంతా మూలన పడటంతో చెట్ల మొహమే చూడలేదు. జూన్ వెళ్ళేసరికి షెడ్డు అడుగంటింది. మిగిలిందల్లా పచ్చివాసన పోని జామాయిల్ కట్టె. నిప్పు ఆరిపోతుందంటే ప్రాణం ఒప్పక, దాన్నే కూరాడు.

ఒక మంచు పొద్దున పాలు కొనుక్కుని వస్తూ వంతెన మీద ఆగి ఇంటివైపు చూశాడు. ఆకు కదలడం లేదు. తన పొగగొట్టంలోంచి వచ్చిన పొగ పైకి లేవలేదు. పొంగిన పాలు గిన్నె అంచు దాటినట్టు కప్పు మీదుగా జారి, పల్లంలో ఉన్న వెర్నా ఇంటి మీద కూర్చుంది. వెర్నా, ఐరిస్ ఒకే ఆపిల్ షెడ్డులో పళ్ళు సర్దిన స్నేహితురాళ్ళు. ఇప్పుడు వెర్నాకి ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరు మాట విని తన కట్టెల పొయ్యి పీకించేసి కరెంటు హీటరు పెట్టించుకుంది. ఆమె ఇంటికి అవతలి పక్కింట్లో బ్రోడీ, టీగన్ అనే కుర్రజంట చంటిపిల్లతో అద్దెకు దిగారు. వాళ్ళ గొట్టం మీద సన్నటి సెగ తప్ప ఏమీ లేదు. ఆ పొగంతా నెవిల్‌దే.

ఆ రాత్రి పిడి మీద చెయ్యి వేసి కాసేపు ఆగాడు. ఈ ఒక్క రాత్రికే అనుకుని మూసేశాడు. మర్నాడూ అదే అనుకున్నాడు.

వారం తిరక్కుండా వెర్నా కంచె దగ్గరికొచ్చింది. చేతిలో పీల్చుకునే మందు.

"చూశావా ఆ పిల్లల నిర్వాకం? రాత్రంతా ఒకటే దగ్గు. ఏం తగలెడుతున్నారో మరి, పాత బూట్లో, డైపర్లో!"

"అంత పొగొస్తోందా?"

"నా దుప్పటి వాసన చూడు, తెలుస్తుంది. నువ్వు లేవూ? ఇన్నేళ్ళుగా కాలుస్తున్నావు, ఒక్కనాడు నా ముక్కుకి తగిలిందా? పనితనమంటే అదయ్యా."

అక్కడ చెప్పేసి ఉంటే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తీరా నోరు తెరిచేసరికి వేరే మాట పడింది.

"కొత్తవాళ్ళు కదా వెర్నా. పొయ్యి వాడటం చేతకాదేమో."

ఊరుకుని ఉంటే పిరికివాడని సరిపెట్టుకోవచ్చు. ఇది అంతకన్నా నీచం. ఆ సంగతి అంటున్నప్పుడే అతనికి తెలుసు.

వెర్నా ఆ ఇంటి యజమానికి ఫోన్ చేసి దులిపేసింది. టీగన్ చంటిదాన్ని చంకనేసుకుని మాట్లాడుకుందామని వస్తే, ముఖం మీదే తలుపేసింది. మర్నాడు బ్రోడీ వచ్చి నెవిల్ తలుపు తట్టాడు.

"మీరు కట్టెల పనిలో మొనగాడట కదా. ఒక్కసారి వచ్చి మా పొయ్యి చూస్తారా? తప్పెక్కడుందో చెప్తే దిద్దుకుంటాం."

వెళ్ళక తప్పలేదు. ఎండుకట్టె. గాలి పిడి బార్లా తెరిచి ఉంది. పొయ్యి అద్దం మీద మసి చుక్క లేదు. మిల్లులో తన కింద పనిచేసినవాడెవడైనా ఇంత శుభ్రంగా మంట పెడితే వీపు తట్టేవాడు. 

"ఎలా ఉందంటారు?" అన్నాడు బ్రోడీ.

"బానే ఉంది. పేళ్ళు ఇంకాస్త సన్నగా చీల్చుకో."

"అంతేనా?"

"అంతే."

బ్రోడీ అతని ముఖంలోకి ఓ క్షణం చూసి, "సరే, మీరన్నారు కదా" అన్నాడు.

ఆ రోజు తర్వాత వాళ్ళ పొయ్యి వెలగలేదు. నెవిల్ పొద్దున్నే వంతెన మీద నుంచి చూసుకునేవాడు. వాళ్ళ గొట్టం చల్లగా ఉండేది, తనది కక్కుతూ ఉండేది. చంటిది ఇంట్లో కూడా కోటూ, ఉన్ని టోపీతో కిటికీలో కనబడేది.  అయినా రాత్రయ్యేసరికి చెయ్యి పిడి మీదికే పోయేది. వెర్నా మాత్రం, "దొంగపిల్లలు, నేను పడుకున్నాక వెలిగిస్తున్నారు" అని యజమాని ప్రాణం తీసింది. ఆగస్టులో అతను ఖాళీ చెయ్యమన్నాడు. వానలో వాళ్ళు సామాను ఎక్కిస్తుంటే నెవిల్ చూస్తూ కూర్చోలేక వెళ్ళి పరుపు కట్టడానికి సాయం పట్టాడు. బ్రోడీ థాంక్స్ చెప్పాడు. నెవిల్‌కి తల కొట్టేసినట్టయింది.

ఇల్లు ఖాళీ అయ్యాక పడిన మొదటి మంచుకి వెర్నా మళ్ళీ కంచె పట్టుకుని నిలబడింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"ఖాళీ ఇంట్లో... ఎవరో దూరినట్టున్నారు నెవిల్. పొగ... ఆగలేదు. కాస్త వెళ్ళి చూసి రావూ?"

ఇంత జరిగినా ఆమెకి అతని మీద అనుమానమే రాలేదు. నెవిల్ ఇక తట్టుకోలేకపోయాడు.

"అక్కడెవరూ లేరు వెర్నా. అది నా పొగ. మొదట్నుంచీ నాదే."

దగ్గు తెర వచ్చింది, పోయింది. తిడుతుందని కాచుకుని నిలబడ్డాడు.

"నా ఊపిరి సంగతి పోనీ" అంది చివరికి. "ఆ పిల్ల చంటిదాన్నెత్తుకుని వస్తే ముఖం మీద తలుపేశానే. నాచేత వేయించావే నెవిల్!"

అతను ఇంట్లోకి వెళ్ళి, పొయ్యిలో నిప్పులన్నీ ఇనప బకెట్లోకి ఎత్తి, పెరట్లో నీళ్ళు గుమ్మరించాడు. షెడ్డు మూలలో ఇంకా ఎండుకట్టె ఏమైనా ఉందేమోనని వెతికి, దొరికిందంతా ట్రక్కులో వేశాడు. బ్రోడీ వాళ్ళు నది అవతల, చక్రాల ఇళ్ళు అద్దెకిచ్చే కారవాన్ పార్కులో ఉన్నారని దుకాణంలో చెప్పారు. వెర్నా కూడా తనూ వస్తానని ట్రక్కెక్కింది. దారిలో ఒక్కటే మాట అంది.

"బండిలో కూర్చుంటానన్నావంటే ఊరుకోను. ముందు దిగేది నువ్వే."

దిగాడు. టీగన్ తలుపు తీసింది, భుజం మీద చంటిది నిద్రపోతోంది. బ్రోడీ పనికెళ్ళాడట. నెవిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పొగ నాదమ్మా. మీది కాదు. మీకు కట్టెలు తెచ్చాను."

"ఇందులో పొయ్యెక్కడుంది పెట్టుకోవడానికి?" అంది టీగన్. కోప్పడలేదు. ఉన్న మాటే చెప్పింది.

వెర్నా ముందుకొచ్చి, "తప్పు చేశాను తల్లీ. నాకేం తెలుసు, తెలిస్తే..." అంటూ ఆయాసంతో ఆగిపోయింది. టీగన్ కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టింది.

"పొగ ఈయనదని మాకు తెలుసు. మా వంటింటి కిటికీలోంచి కనబడేది."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే వినేవారా?"

 టీగన్ చంటిదాని టోపీ సర్దుతూ, నెవిల్ వైపు తిరిగింది.

"బ్రోడీ అన్నాడు, మనం పొయ్యి మానేద్దాం, అప్పుడు పొగ ఎవరిదో తేలిపోతుంది, ఆయనే నిజం చెప్తాడు అని. మీరు చాలా మంచివాళ్ళనుకున్నాడు. చంటిది చలికి ఏడుస్తుంటే నేను పోట్లాడేదాన్ని. ఇవాళ చెప్తాడు చూడు, అనేవాడు. పొద్దున లేస్తే అదే మాట. ఆఖరికి ఖాళీ చేసే రోజు మీరు వానలో మా వైపు నడిచొస్తుంటే కూడా, 'అదుగో, చెప్పడానికే వస్తున్నాడు' అన్నాడు."