మా బావ పాప్ పాటకి నేను పట్టిన కెమెరా

మొన్న సాయంత్రం మా అమ్మాయి హాల్లో టీవీ ముందు పెన్నూ నోటుబుక్కూ పట్టుకుని, పెద్ద ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న డాక్టరమ్మలా నుదురు ముడిచి కూర్చుని ఉంటే, పరీక్షలు దగ్గర పడ్డాయి కాబోలనుకుని కాఫీ గ్లాసుతో మునివేళ్ల మీద వెళ్లి వెనకాల నిలబడ్డాను. తెర మీద చూద్దును కదా, క్రోటన్ మొక్కల మధ్య, మోకాళ్ల దాకా పొగలో, ఎర్ర చొక్కా నల్ల కళ్లద్దాలతో మా బావ! గ్లాసులో కాఫీ సగం తివాచీ తాగేసింది.

మా అమ్మాయి రాజమండ్రిలో చదివే చదువులో సినిమాలు చూడడం కూడా ఒక సబ్జెక్టేనట. మా రోజుల్లో అదే పని చేసినందుకు వీపులు పగిలాయి. ఏదైనా ఒక పాప్ పాట వీడియో తీసుకుని, అందులో ఒక్కొక్క షాటూ ఎందుకు పెట్టారో, దాని భావమేమిటో రాసుకు రమ్మన్నారట. తోటి పిల్లలంతా కొరియా కుర్రాళ్ల మీద పడితే, ఇది మాత్రం నేను ఎప్పుడో పాత టేపు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మరిచిపోయిన మా బావ పాటని తవ్వి తీసింది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, పొగ వేసినవాడు, ఫ్యాను పట్టుకున్నవాడు, అందరూ నేనే కాబట్టి, నా కళాహృదయం గురించి లోకానికి ఇన్నాళ్లకి తెలియబోతోందని నేను ఉబ్బిపోయి పక్కన చేరాను.

మీలో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు, అప్పట్లో గొంతున్న ప్రతివాడూ ఒక ఆల్బమ్ చేసెయ్యాలనే కలగనేవాడు. మా మేనత్త కొడుకు, అంటే ఈ బావ, కడియంలో ఒక నర్సరీలో అంట్లు కట్టే పని చేస్తూ, గులాబీకి అంటు కడుతూ ఒక చరణం, మామిడికి కడుతూ ఇంకో చరణం పాడేవాడు. ఆ గొంతుకి మొక్కలు రెండాకులు ముందే తొడిగేవని నేను కోర్టులోనైనా చెబుతాను. నేనేమో పెళ్లిళ్లకి వీడియో తీసేవాణ్ణి. ఆ కెమెరా మోసి మోసి నా కుడి భుజం రెండంగుళాలు కిందికి దిగింది, ఇప్పటికీ కొలతలు తీసే దర్జీలు ఆగి నా ముఖం చూస్తారు. హైదరాబాద్‌లో ఒక టీవీ వాళ్లు కొత్తవాళ్ల పాటలు వేస్తామని ప్రకటించగానే బావ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పాట రికార్డింగు అయిపోయింది, ఇక బొమ్మ కావాలి.

అడ్డమల్లా మావయ్య గారు. మా మేనత్త భర్త, బడిపంతులు, పైగా మా చర్చిలో పాట పెట్టేది, అంటే ముందు ఎత్తుకుని అందరిచేతా పాడించేది, ఆయనే. ముందు బెంచీ చెక్క మీద రెండు వేళ్లతో తాళం వేశారంటే పక్క ఊళ్లో గోడ గడియారాలు సరిచేసుకోవచ్చు. కొడుకు కళ్లద్దాలు పెట్టుకుని నడుం తిప్పుతాడని వినగానే ఆయన అన్న మాట మా వీధంతా వింది.

"నీ ఇష్టం, ఎగురుకో. నేను మాత్రం ఆ దరిదాపులకి రాను."

అన్నట్టుగానే షూటింగ్ రోజు పొద్దున్నే చర్చి పని ఉందని సైకిలెక్కి రాజమండ్రి వైపు వెళ్లిపోయారు.

ఇక ఆ షూటింగ్ సంగతి! మొక్కలు మోసే తోపుడు బండి మీద నేను కూర్చుంటే ఇద్దరు తోస్తుంటే అది ట్రాలీ షాటు. లారీకి మొక్కలెక్కిస్తున్న చోట లారీ టాపు మీద పడుకుని తీస్తే అది క్రేన్ షాటు. కొబ్బరి పీచు కాల్చి పొగ వేస్తే బావకి దగ్గు పట్టుకుంది. మా దగ్గర స్లో మోషన్ లేదు కనక బావనే నెమ్మదిగా నడవమన్నాను, అతను చంద్రుడి మీద నడిచినట్టు నడుస్తుంటే వెనకాల నుంచి ఒక కోడి మామూలు వేగంతో దాటిపోయింది.

మా అమ్మాయి ఇవన్నీ రాసింది చదివి వినిపిస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆ కోడి లోకపు వేగమట, బావ నడక మనసు లోపలి కాలమట, ఆ రెండింటి మధ్య ఘర్షణని దర్శకుడు అద్భుతంగా పట్టుకున్నాడట. దగ్గేమో ప్రేమికుడికి ఊపిరాడని స్థితి. కెమెరా ఎడమకి ఒరిగిన షాటు అతని ప్రపంచం తలకిందులవుతోందనడానికి సూచన. స్టాండు కాలు ఒకటి తడి మట్టిలో దిగబడిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పొగడ్త దొరికినప్పుడు మనిషి కాస్త వినయంగా మౌనం వహించాలి.

కానీ రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి నేను రిమోట్ కోసం తడుముకున్నాను, ఎందుకంటే మా బావ పాట ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

పెళ్లి వీడియో తీసినవాళ్లకి తెలుస్తుంది, మా గోదావరి జిల్లాల్లో తాళిబొట్టు షాటు పోయినా క్షమిస్తారు గానీ భోజనాల బంతిలో ఒక్క మనిషి పడకపోతే క్షమించరు. పెళ్లికొడుకు పెదనాన్న గారు క్యాసెట్లో లేరని రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేసిన ఊరు నేనెరుగుదును. అందుకే మా స్టూడియో ఓనరు గారు నాకు మొదటిరోజే రెండు సూత్రాలు నూరిపోశారు. బంతి ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా, మనిషికి ఒక ఊపిరి తీసి వదిలినంతసేపు కెమెరా నిలపాలి. మనిషి కెమెరా వైపు చూసేదాకా పక్క మనిషి మీదకి కదలకూడదు. వందల పెళ్లిళ్లు అలా తీసిన చెయ్యి అది. రెండో చరణంలో బావ నేల మీద మోకరిల్లి, పక్కన మోగుతున్న క్యాసెట్‌తో కలిసి ప్రాణం పెట్టి పాడుతున్నాడు, చుట్టూ నర్సరీలో పనిచేసేవాళ్లంతా కుండీల వెనక వరసగా నిలబడి చూస్తున్నారు. వరస కనబడింది, అంతే, నా చెయ్యి నా మాట వినలేదు. ఈ చివర నిలబడ్డ ఒక పిన్నిగారి దగ్గర మొదలుపెట్టి, మనిషికో ఊపిరి చొప్పున, నవ్వినవాళ్లనీ, కొంగు సర్దుకున్నవాళ్లనీ పేరుపేరునా పలకరించుకుంటూ ఆ చివర దాకా వెళ్లిపోయాను. చరణం మొత్తంలో బావ లేడు. బంతే ఉంది.

మళ్లీ తీద్దామంటే సాయంత్రానికి కెమెరా పెళ్లికి వెళ్లాలి. టేపు అలాగే హైదరాబాద్ పంపాం. పదిహేను రోజులకి టేపు తిరిగొచ్చింది, దానితో ఒక్క వాక్యం, ఇందులో హీరో ఎవరో తెలియడం లేదని. మావయ్య గారు ఆ పార్సిలు చూసి ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్లిపోయారట. తిట్టినా బాగుండేదిరా, అని బావ చాలాసార్లు అన్నాడు. ఆ రోజు నుంచి అతను పాడలేదు. సొంత నర్సరీ పెట్టాడు, మొక్కలు లారీల మీద దేశమంతా వెళ్తున్నాయి, మనిషి మాత్రం చర్చిలో కూడా పెదాలు కదపడమే. మావయ్య గారు పోయాక చర్చివాళ్లు పాట పెట్టమని ఎంత బతిమాలినా, నా పాట ఆయనకే నచ్చలేదు కదండి, అనేవాడు. నేనేమో ఇన్నేళ్లూ ఆ పాపాన్ని భుజం మీద కెమెరాలాగే మోస్తున్నాను.

"ఈ గొడుగు పెద్దాయనెవరు నాన్నా?" అంది అమ్మాయి, బొమ్మ ఆపి.

బంతి చివర, కనకాంబరం కుండీల వెనక, సైకిలు పట్టుకుని ఒక మనిషి. గొడుగు ముఖం మీదకి వంచుకున్నాడు. ఆయన మీద షాటు మిగతావాళ్లకన్నా మూడు రెట్లు ఉందనీ, అందరూ కెమెరాలోకి చూస్తుంటే ఈయనొక్కడే పాడేవాడి వైపు తిరిగి ఉన్నాడనీ, ఈ వీడియో మొత్తానికి అర్థం ఇక్కడే ఉందనీ అది గడగడా చెప్పుకుపోతోంది. షాటు ఎందుకంత ఉందో నాకు గుర్తొచ్చింది. ఆయన ఎంతకీ నా వైపు చూడలేదు, చూసేదాకా కదలకూడదు కనక నేను ఆగాను, ఎవడీ మొండివాడని తిట్టుకున్నాను కూడా. కెమెరాకి కన్ను ఆనించి చూసే ఆ బొటనవేలి గోరంత నలుపు తెలుపు గాజులో నాకేం కనబడుతుంది? తర్వాత పద్నాలుగంగుళాల టీవీలో చూసినప్పుడు మేమిద్దరం బావ ఎన్నిసార్లు కనబడ్డాడో లెక్కపెట్టుకుంటున్నాం తప్ప చివరన ఎవరున్నారని చూశామా? ఇప్పుడు గోడంత టీవీలో, గొడుగు కింద నుంచి కనబడుతున్న కుడిచెయ్యి సైకిలు సీటు మీద రెండు వేళ్లతో తాళం వేస్తోంది.

నేను బావకి ఫోన్ చేసి ఏమన్నానో నాకే తెలియదు, ఇల్లు కాలిపోతోందనుకున్నాడట, మట్టి చేతులతోనే బండి మీద వచ్చి పడ్డాడు. అమ్మాయి చరణం మొదటి నుంచి వేసింది. బంతి సాగింది, చివరికి వచ్చింది. బావ కూర్చోలేదు, టీవీకి జానెడు దూరం దాకా వెళ్లి నిలబడ్డాడు. మళ్లీ వెయ్యమ్మా, అన్నాడు. మళ్లీ వేసింది. నాలుగోసారికి, తెర మీద ఆ వేళ్లని మట్టివేలితో చూపించాడు.

"ఇక్కడ రికార్డింగులో పల్లవి నేను లేటుగా ఎత్తుకున్నానురా. చూడు, ఆయన ఆగారు. నన్ను రానిచ్చి మళ్లీ వేశారు."

మా అమ్మాయి నోటుబుక్కు మూసేసింది. కోడి గురించి ఇంకా ఏదో రాయాల్సి ఉంది గానీ, ఆ సాయంత్రం ఎవరికీ తోచలేదు.

ఈ ఆదివారం చర్చిలో బావ పాట పెట్టాడు. గొంతు కాస్త తుప్పు పట్టింది, మొదటి పాదంలో తలుపు తీసినట్టు కిర్రుమంది, రెండో పాదానికి కప్పు మీది పావురాలు లేచాయి. నేను ఫోన్ తీసి అతన్ని పట్టుకున్నాను, ఈసారైనా హీరో ఎవరో తెలియాలని. కానీ వెనకాల బెంచీల వరస కనబడింది కదా, చెయ్యి మళ్లీ వెళ్లిపోయింది. పాటల పుస్తకాలన్నీ ఇప్పుడు ఫోన్లలోకి వెళ్లిపోయాయి, ఏ బెంచీ చూసినా వంచిన తలలే, ముఖాల మీద చిన్న నీలం వెలుగే. ఒకప్పుడు కెమెరా వస్తోందంటే దువ్వెన తీసేవాళ్లు, పక్కవాణ్ణి పొడిచి చూపించేవాళ్లు, వాళ్ల ఊపిరి అయ్యాక కూడా వదిలేవాళ్లు కారు. ఇప్పుడు ఎవరి కెమెరా వాళ్ల చేతిలోనే ఉంది, నాదెవరికి కావాలి? మనిషి చూసేదాకా కదలకూడదన్న సూత్రం పట్టుకుని ఉంటే నేను ఇంకా మొదటి బెంచీ దగ్గరే నిలబడి ఉండేవాణ్ణి. అందుకని చూడనివాళ్లకి కూడా తలకో ఊపిరి ఇచ్చుకుంటూ వెళ్లాను. వరస చివర, మావయ్య గారు ఒకప్పుడు సైకిలు ఆనించే కిటికీ దగ్గర ఎవరూ లేరు. అక్కడ మూడు ఊపిర్లు ఆగాను.