సింహం గారి మాట

దర్జీ పోయి ఏడాది కావస్తున్నా అతని ఫోను మాత్రం పలుకుతూనే ఉంది. ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కే ఆ మనిషి, షేర్ల చర్చల గ్రూపులో 'సింహం' అనే పేరు పెట్టుకుని గర్జించేవాడు. కొత్త గుడ్డ వస్తే మూల తడిపి, రంగు దిగదని తేలేదాకా కత్తెర పెట్టనివాడు, ముక్కూమొహం తెలియనివాళ్లు పొగిడిన కంపెనీని మాత్రం తడిపి చూడకుండానే పదిమందికీ అంటగట్టాడు.

ఆ మధ్యాహ్నం అతని భార్య కాజాలు కుడుతుండగా ఫోను మోగింది. ఎవరో గ్రూపులో రాశారు.

"సింహం గారూ, అప్పట్లో మీరు చెప్పిన షేరు ఇప్పుడు కొనొచ్చా? మా అమ్మాయి చదువు డబ్బులండీ."

ఆమె సూది పక్కన పెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాసింది.

"బాబూ, నేను ఆయన భార్యను. ఆయన పోయారు. ఎవరో అన్నదే ఆయనా అన్నారు, అంతకుమించి ఏమీ తెలీదు. మేమూ దాంతోనే మునిగాం. కొనకు నాయనా."

కాసేపటికి ఫోను మళ్లీ మోగింది.

"భలేవారే! ఆయన ఫోను కొట్టేసి మమ్మల్ని భయపెడదామనా? సింహం గారి మాటకు తిరుగులేదు. ఇప్పుడే కొనేశా."

దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఆమె మూలనున్న అతని మిషను వైపు తిరిగింది.

"విన్నారా? ఇప్పటికీ మీ మాటే నెగ్గుతోంది."