జహనారక్క ఇవ్వని నాలుగు అంకెలు

జహనారక్క ఫోన్ చూస్తే మీకు నవ్వొస్తుంది. పగిలిన మూలకు టేపు చుట్టి ఉంటుంది. చార్జర్ పెట్టాక వైరును ఒక పక్కకు వంచి, దాని మీద ఉప్పు డబ్బా బరువు పెడితే తప్ప చార్జింగ్ ఎక్కదు. రోజుకు రెండుసార్లు తెర మీద ఎర్రటి అక్షరాలు వస్తాయి. ఆమెకు చదువు రాదు. అంకెలు వచ్చు, రంగులు తెలుసు. ఎర్రగా ఏం కనబడినా ఫోన్ పట్టుకుని, కారు తుడుచుకునే నా దగ్గరికి వచ్చేస్తుంది.

“మళ్ళా ఏమంటాందబ్బా ఇది?”

“ఖాళీ లేదంటోందక్కా.”

“దీని నోట్లో మన్ను బడ. నిన్ననే గదా ముప్పై గుడ్మార్నింగు పూలు తీసి పారేసినా!”

ఆమెది రాయచోటి పక్క పల్లె. నాది అమలాపురం వైపు, పేరు మారుతి. ఖతార్ దేశంలో అల్ తుమామా అనే చోట ఒక ఖతరీ ఇంట్లో నేను డ్రైవర్ని. అదే ఇంట్లో వంటా, ఇల్లూ ఎనిమిదేళ్ళుగా ఆమె చేతి మీద నడుస్తున్నాయి. పనివాళ్ళం మేమిద్దరమే. వయసులో నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను, నోటికి భయపడి కూడా అంటాను.

ఆ ఫోన్‌లో ఖాళీ ఎందుకు ఉండదో నాకు తెలుసు. మూడేళ్ళ కిందట ఊళ్ళో ఉన్న చెల్లెలు రమీజాకు గొంతు మెసేజ్ పంపబోయి, పొరపాటున తన నంబరుకే పంపుకుంది. తిరిగి మోగించి విన్నది. “నా గొంతు ఇట్లుంటాదా!” అని ఒకటే నవ్వు. మర్నాడు కావాలనే పంపుకుంది. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. మధ్యాహ్నం అంట్లు కడిగి, మేడం పడుకున్నాక, బట్టలుతికే గదిలో బకెట్ బోర్లించి కూర్చుని ఆ రోజు జరిగిందంతా తనకు తానే చెప్పుకునేది. చేపలో ఉప్పెక్కువైన సంగతి, మేడం విసుక్కున్న సంగతి, తను లోపల తిట్టుకున్న తిట్లు, ఊరి మీద బెంగ, ఇవే ఉంటాయని నా ఊహ. రాయడం వచ్చినవాళ్ళు డైరీ రాసుకుంటారు. ఈమె మాట్లాడి దాచుకుంది. పెళ్ళి వీడియోలు తీసేసింది, చుట్టాల పిల్లల డాన్సులు తీసేసింది, వీటిలో మాత్రం ఒక్కటి కూడా తీసెయ్యలేదు.

“ఏం చెప్పుకుంటావక్కా అంతసేపు?” అని ఒకసారి అడిగాను.

“నీకెందుకబ్బా? నా మాటలు నావి.”

రంజాన్ అయిన రెండు వారాలకు మా మేడం ఒక కొత్త రూలు తెచ్చారు. పక్క వీధిలో ఎవరో పనిమనిషి ఇంటి లోపల వీడియో తీసి నెట్లో పెట్టిందట. ఆ ఇంటి ఆడవాళ్ళు తల మీద ముసుగు లేకుండా అందులో కనబడ్డారట. ఆ మాట విన్నప్పటి నుంచి మేడంకి నిద్ర లేదు. ఆ భయంలో తప్పు లేదంటాను నేను. కానీ రూలేమిటంటే, మా ఫోన్ల తాళం నంబర్లు ఆవిడకు చెప్పాలి, ప్రతి శుక్రవారం ఫోన్లు వంటింట్లో ఖర్జూరాల బుట్టలో పెట్టాలి, ఆవిడ తెరిచి చూస్తారు.

అడగ్గానే నేను నంబరు చెప్పేశాను. ఇది దాచుకుంటే నా కథ అబద్ధమవుతుంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. మేడం వేలు నా ఫోటోల మీద నడుస్తుంటే నడివీధిలో బట్టలు విప్పి నిలబెట్టినట్టే ఉంది. అయినా నవ్వుతూ నిలబడ్డాను. ఆ రాత్రి మా ఆవిడ మమతకు విషయం చెబితే, “ఇంకేం రాయమంటారు మరి, మీ మేడంగారు చదువుతారుగా” అంది. అప్పటి నుంచి ఆమె మెసేజీలు రెండు మాటలకు దిగిపోయాయి. తిన్నారా, పడుకున్నారా, అంతే.

జహనారక్క మాత్రం చేతులు తుడుచుకుంటూ, “ఇయ్యను మామా” అంది. ఇక్కడ పనివాళ్ళు ఇంటావిణ్ణి మామా అనే పిలుస్తారు. వాళ్ళిద్దరి మధ్య నడిచేది వంటింటి అరబీ, అందులో సగం సైగలు. నేను తెలుగులో చెబుతున్నాను.

“ఏం దాస్తున్నావు అందులో?” అన్నారు మేడం.

“నా మాటలు ఉండాయి.”

“నా ఇంటి ఫోటోలు లేవని నేనెలా నమ్మేది?”

“ఫోటోలు నీ ముందర నేనే తెరిచి చూపిస్తా. నంబరు ఇయ్యను.”

“నంబరు ఇవ్వకపోతే టికెట్ కొని పంపించేస్తాను.”

“పంపియ్యి. నా ఫోన్ నేను తీసుకునే పోతా.”

వద్దక్కా అని నేను సైగ చేశాను. ఆమె నా వైపు చూడనే లేదు. టేపు చుట్టిన ఫోన్ ఆర్పేసి మేడం చేతిలో పెట్టింది. “నీకంత భయముంటే దీన్ని నీ బీరువాలో పెట్టుకో. ఫోన్ ఇస్తా, తాళం ఇయ్యను” అని పొయ్యి వైపు తిరిగిపోయింది. మేడం అంత పనీ చేశారు. నంబరు చెప్పేదాకా ఫోన్ బీరువాలోనే ఉంటుందన్నారు.

ఎనిమిదేళ్ళ ఉద్యోగం ఒక నంబరు కోసం పోగొట్టుకుంటుందా అని నాకు కోపం వచ్చింది. “పెద్దోళ్ళతో మనకెందుకక్కా పంతం? వాళ్ళకు తెలుగొచ్చా, ఉర్దూ వచ్చా? విన్నా ఏమర్థమవుతుంది?” అన్నాను.

“అర్థం గాకపోతే మాత్రం ఇయ్యల్లనా? ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో నా పడక గదికి గడియ లేదు. నా పెట్టె ఎప్పుడంటే అప్పుడు తెరుస్తారు. పోనీలే అనుకున్న్యా. ఇదొక్కటే గదబ్బా నాకని ఉండేది. చావనన్నా చస్తా గానీ ఇయ్యను.”

పదకొండు రోజులు గడిచాయి. నా ఫోన్లోంచే రమీజాతో రెండు ముక్కలు మాట్లాడేది. వంట మానలేదు, మొహం మాడ్చుకోలేదు, మేడం పిలిస్తే పలికేది. మధ్యాహ్నం కాగానే అలవాటు కొద్దీ బట్టలుతికే గదికి వెళ్ళి, బకెట్ మీద నోరు మూసుకుని కూర్చునేది. నాకు చూడబుద్ధి కాలేదు. “ఊరికే మాట్లాడుకో అక్కా, ఎవరొద్దన్నారు” అన్నాను.

“యాడ పడతాయబ్బా ఆ మాటలు? గాలికి చెప్తే గాలికే పోతాయి.” అది అన్నప్పుడు మాత్రం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశానని తెలిసి కసురుకుంది.

పన్నెండో రోజు పొద్దున మేడం ఫోన్ మేడ మెట్ల మీంచి జారి పడింది. తెర పిండిపిండి అయింది. ఆవిడ ప్రపంచమంతా అందులోనే ఉంది. పిల్లల బడి, అక్కచెల్లెళ్ళు, బ్యాంకు, సరుకులు అన్నీ అందులోనే. రిపేరు షాపుకి ఆవిడ వెళ్ళరు, అక్కడంతా మగవాళ్ళు. నా ఒక్కడి చేతికీ ఇవ్వరు, నేనూ మగవాణ్ణే. ఇలాంటి పని పడితే ఎప్పుడూ చేసేది ఒకటే. కారు నేను నడపాలి, షాపువాడు ఫోటోలు చూడకుండా జహనారక్క కాపలా కూర్చోవాలి. మేడం కాసేపు అటూ ఇటూ తిరిగారు. చివరికి వంటింట్లోకి వెళ్ళి, ఆమె చెవిలో తన తాళం నంబరు చెప్పి, ఫోన్ చేతిలో పెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

దగ్గర్లోని ఐన్ ఖాలిద్‌లో గయాజ్ అనే హైదరాబాదీ మనిషి రిపేరు షాపు ఉంది. అతనూ జహనారక్కా ఉర్దూలో అందుకున్నారు. “ఫోన్ వదిలేసి, పాస్‌వర్డ్ రాసిచ్చి వెళ్ళండి. తెర మార్చాక పని చేస్తుందో లేదో చూడాలి. మూడింటికి రండి” అన్నాడతను.

జహనారక్క కౌంటరు లోపలికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. “నేను యాడికీ పోను. పాస్‌వర్డు రాసియ్యను. మార్చినాక నేనే తెరుస్తా.”

“నా షాపులో కెమెరా ఉందమ్మా, ఇంకో కెమెరా అక్కర్లేదు.”

“నీ కెమెరా నిన్ను చూస్తాది. నేను నీ చేతులు చూస్తా.”

రెండున్నర గంటలు ఆమె రెప్ప వేసిందో లేదో నాకు అనుమానమే. నేను తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. కొత్త తెర బిగించాక ఫోన్ లాక్కుని, గోడ వైపు తిరిగి నంబరు నొక్కింది. తెర వెలిగేసరికి మేడం ఫోటో, తల మీద ముసుగు లేకుండా, పిల్లల్ని పొదువుకుని నవ్వుతూ ఉంది. జహనారక్క అరచేతిని దాని మీద పరిచేసింది. రెండో చేత్తో లెక్కలు చేసే కాలిక్యులేటర్ తెరిచి, ఫోటో పూర్తిగా మరుగయ్యాకే గయాజ్‌కి ఇచ్చింది. “ఈ అంకెల మీద నొక్కి చూసుకో. ఇంగ దేని మీదన్నా వేలు పడిందో, చూడు మల్ల!” అంది. అతను అంకెలు నొక్కి, తెర బాగా పని చేస్తోందని దణ్ణం పెట్టి పంపించాడు.

ఇంటికి రాగానే మేడం గుమ్మంలోనే ఎదురొచ్చారు.

“వాడు చూశాడా?”

“చూడలేదు.”

“నువ్వు?”

“నేను గూడా చూడలేదు. నీవి నేనెందుకు చూస్తా?” ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది. “ఇప్పుడే ఆ నంబరు మార్చుకో మామా. నీ తాళం నా దగ్గర ఉండగూడదు.”

మేడం ఆమె మొహంలోకి పరీక్షగా చూశారు. ఈమె గొంతులో వెక్కిరింపేమీ లేదు. నిజంగానే మార్చుకోమంటోంది, మార్చేదాకా పక్కకు జరిగేలా లేదు. మేడం అక్కడే నిలబడి నంబరు మార్చుకున్నారు. ఆవిడ వేళ్ళు కదులుతున్నంతసేపూ జహనారక్క మొహం పక్కకు తిప్పుకుంది. నేను కూడా తిప్పుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడం వంటింట్లోకి వచ్చి, టేపు చుట్టిన ఫోన్ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. జహనారక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చార్జింగ్ మాఫీ” అని, అంటే ఇక్కడి అరబీలో లేదని, వైరు గుచ్చి, ఉప్పు డబ్బా పెట్టి, చేతులు కట్టుకుని ఎదురు చూసింది. తెర వెలగ్గానే ఆమె మొహం కూడా వెలిగింది. ఇన్నాళ్ళూ ఆమె తరఫున వణికిన మనిషిని కదా, పాత మాట ఒక్కటైనా వినిపిస్తుందేమోనని నేను ఆశగా దగ్గరికి జరిగాను.

“నీకు గూడా లేదబ్బా. బయటికి పో” అంది.

పోయి కార్లో కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. కాసేపయ్యాక సిగ్గేసింది. జేబులోంచి ఫోన్ తీసి, తాళం నంబరు మార్చేశాను. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి కుదిరింది.

జహనారక్కను మేడం మళ్ళీ అడగలేదు. నా సంగతి వేరు, నేను అడగ్గానే ఇచ్చినవాణ్ణి. శుక్రవారం రాగానే ఖర్జూరాల బుట్ట వంటింటి గట్టు మీదికి వచ్చింది. నా ఫోన్ పెట్టాను. మేడం పాత నంబరు నొక్కారు, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కి, తలెత్తి నా వైపు చూశారు. కొత్త నంబరు ఎంత అని అడిగారు. నాకు తెలిసిన నాలుగు అరబీ ముక్కల్లో ఒక్కటి కూడా పైకి రాలేదు.

“చెప్పనండి” అన్నాను, తెలుగులోనే. ఆవిడకు తెలుగు రాదు. కానీ అర్థమైంది.