యాంటెన్నాకు జడ రబ్బరు

పదిహేను రోజులైతాంది. నేను చేసిన పని తల్చుకుంటే ఇంకా నెత్తి కొట్టుకుంటున్న. మీరు నవ్వుతరు. నవ్వండి, నేను మాత్రం ముందు ఏడ్చిన.

మా బిడ్డ రజితది ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు డ్రోన్. నాలుగు ఫ్యాన్లు, మధ్యల బ్యాటరీ, ముందట చిన్న కెమెరా. అది పైకెగిరి కింద పొలాన్ని చేతుల పట్టే చిన్న టీవీల చూపియ్యాలె. ఆరు నెలల కష్టం. ఆ రోజు వాళ్ళ సార్ ముందట ఎగిరితేనే పాస్. మా దుండిగల్ల మిలిటరీ విమానాల వాళ్ళుంటరు, ఎగరెయ్యొద్దు. అందుకని రావల్‌కోల్‌ల మాకు తెలిసిన జహంగీర్ భాయ్ మక్కచేను పక్కన జాగ అడిగినం.

పొద్దున బిడ్డ తలస్నానానికి పోయింది. డ్రోన్ టేబుల్ మీద ఉంది. కింద నల్ల పుల్లొకటి వేలాడుతాంది, ఎలుక తోక లెక్క. దిగేటప్పుడు విరగదా? పైగా అది యాంటెన్నా అట! యాంటెన్నా ఎవరన్నా కిందికి పెడతరా? మా చిన్నప్పుడు దూరదర్శన్ కోసం పెంకుల మీద బొంగు కట్టి మరీ లేపెటోళ్ళం.

పుల్లను పైకి మలిచిన. బ్యాటరీకి ఆనించి నా నల్ల జడ రబ్బరు రెండు చుట్లు ఏసిన. బిడ్డకు చెప్పలె. మంచి పనికి చెప్పేదేముంది! ఆమె వచ్చి జల్దీ జల్దీ డ్రోన్‌ను అట్టపెట్టెల పెట్టుకుంది. నల్ల బ్యాటరీ మీద నల్ల రబ్బరు, ఆమెకు కనవడలె.

చేను కాడ మంచిగనే లేచింది. గట్లు, మక్కకంకులు, జహంగీర్ భాయ్ టోపీ, అన్నీ టీవీల కనవడ్డయ్. మా నెత్తి మీదికి రాంగనే బొమ్మంతా చుక్కలు.

"అమ్మా, ఏం కనవడ్తలేదే!"

బిడ్డ టీవీ దిక్కే చూసుకుంట రిమోట్ అటిటు తిప్పింది. డ్రోన్ ఒక పక్కకు ఒరిగి మక్కలల్ల పడ్డది. జహంగీర్ భాయ్ వెతకనీకి ఉరికిండు.

"నా వైరింగే తప్పు సార్. నాకు రాదు సార్" అని బిడ్డ తల దించుకుంది. ఆరు నెలలల్ల ఆ మాట ఎన్నడూ అనలె.

అప్పుడే భాయ్ డ్రోన్ పట్టుకొచ్చిండు. "ఏం బేటీ, దీనికి జడ గూడ ఏసినవా?"

అందరూ రబ్బరు దిక్కు చూసిన్రు. బిడ్డ నా దిక్కు చూసింది.

"నేనే సార్" అన్న.

సార్ కోపం చెయ్యలె. "అమ్మా, మనం కిందున్నం, అది పైనుంది. నడుమ బ్యాటరీ గోడ లెక్క అడ్డముంటే బొమ్మ మన దాక ఎట్లొస్తది?"

అడ్డమున్నది బ్యాటరీ ఒక్కటేనా అనిపించింది నాకు.

బిడ్డ రబ్బరు తీసి, విరిగిన ఫ్యాను మార్చి, పుల్లను మళ్ళ కిందికి దించి ఎగరేసింది. నెత్తి మీదికొచ్చినా బొమ్మ చెదరలె. సార్ నవ్విండు. "యాంటెన్నా ఎక్కడ పెడితే బొమ్మ పోతదో గూడ తెలిసింది గద, రిపోర్టుల రాయి."

నిన్న రిపోర్టు బైండింగై వచ్చింది. పెండ్లి పత్రిక తర్వాత నా పేరు అచ్చుల పడ్డది ఇదే. కృతజ్ఞతల పేజీల వెతికిన, లేదు. 'ఫెయిల్యూర్‌కు కారణాలు' అన్న కాడ ఉంది, మొదటి నంబరు.